పుచ్చ పాదుల పక్కనే ఇసుకలో గుడ్లు: ఈ పిట్టలను ఎలా కాపాడాలి?

ప్రాణహిత ఒడ్డు (సిరోంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా)
మార్చి 23

అందరికీ నమస్కారం. మాది ప్రాణహిత ఒడ్డున ఉన్న ఊరు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, పిల్లలు బడిలో మరాఠీ చదువుతారు. వాళ్ళ పుస్తకంలో పిట్టల బొమ్మలు ఉన్నాయి కానీ నేను చూసిన పిట్టలు అందులో లేవు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదవండి.

ఏటా సంక్రాంతి వెళ్ళాక మేము నదిలోకి దిగుతాం. అప్పటికి నీరు తగ్గి ఇసుక తిన్నెలు పైకి తేలతాయి. ఇసుకలో మోకాలి లోతు గుంతలు తీసి, అడుగున పశువుల ఎరువు వేసి పుచ్చ గింజలు పెడతాం. మొదట్లో బిందెలతో నీళ్ళు పోస్తాం. వేరు అడుగు తడిని అందుకున్నాక పాదు తన బతుకు తాను బతుకుతుంది. మా మామగారు నలభై ఏళ్ళుగా చేస్తున్న సేద్యం ఇది. నేను కోడలిగా వచ్చి పన్నెండేళ్ళు.

ఈ నెల 14న మా తోటకు దిగువన ఉన్న పాయ దాటి ఇంకో తిన్నె మీదికి పార పట్టుకుని వెళ్ళాను. 200 అడుగుల పొడవు, 80 అడుగుల వెడల్పు ఉంటుంది. అక్కడ యాభై గుంతలు తీసి దోస పెట్టాలని అనుకున్నాం. రెండో గుంత తీస్తుండగా నెత్తి మీద ఏదో గీసుకుపోయింది. తల ఎత్తితే తెల్లని పిట్టలు నాలుగు, ఒకదాని తర్వాత ఒకటి నా మీదికి దూకుతున్నాయి. రెక్కలు బూడిద రంగు, నెత్తిన నల్ల టోపీ పెట్టినట్టు ఉంది, ముక్కు పసుపు, తోక కత్తెరలా చీలి ఉంది. కాళ్ళ దగ్గర చూస్తే అరచేయంత గుంటలో మూడు గుడ్లు. పుల్ల లేదు, గడ్డి లేదు, ఉత్త ఇసుక. బూడిద రంగు మీద గోధుమ మచ్చలు. ఒకసారి చూపు పక్కకు తిప్పితే మళ్ళీ దొరకవు.

నేను తవ్వి పోసిన ఇసుక కింద ఇంకేమైనా పడ్డాయేమో అని గుండె ఝల్లుమంది. చేతులతో తోడి చూశాను. ఏమీ లేదు. పార అక్కడే వదిలి, వచ్చిన అడుగుల్లోనే అడుగులు వేసి వెనక్కి వచ్చాను.

అప్పటి నుంచి రోజూ మా కావలి గుడిసె దగ్గర కూర్చుని చూస్తున్నాను. తెల్ల పిట్టలవి 11 గూళ్ళు లెక్కకు వచ్చాయి. వాటి పక్కన ఇంకో రకం ఉంది. పిడికెడంత పిట్టలు, అచ్చం ఇసుక రంగు, ఎగిరితే వానకోవెలల్లా ఉంటాయి. ఎన్నో లెక్క తేలదు. దగ్గరికి వెళ్తే ఒకటి రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పక్కకు పోతుంది. నిజంగానే గాయపడిందని మా చిన్నవాడు వెంట పరిగెత్తాడు. యాభై అడుగులు తీసుకుపోయి చక్కగా ఎగిరిపోయింది. తిన్నె చివర పెద్ద పసుపు కళ్ళ పిట్ట ఒక జత ఉంది. పగలంతా కదలకుండా నిలబడి, చీకటి పడితే ఏడ్చినట్టు కూస్తుంది. తీతువులు సరే సరి.

తీతువు గురించి ఒక మాట. అది ఇంటి మీదుగా అరుస్తూ పోతే కీడని మా అత్తగారు ఇప్పటికీ భయపడతారు. మొన్న రాత్రి మేము గుడిసెలో ఉండగా తీతువు ఆగకుండా అరిచింది. టార్చి వేస్తే నక్క. ఆ నక్క పాయలో దిగబోతూ ఉంది. పిట్ట అరిచింది తన గుడ్ల కోసం. మరునాడు అత్తగారికి ఆ సంగతి చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, కానీ విన్నారు.

ఇంకొకటి కూడా చూశాను. మధ్యాహ్నం అరికాలు ఆనించలేని ఎండలో తెల్ల పిట్ట గూడు వదిలి నీటి మీదికి వెళ్ళి, పొట్ట తడిసేలా కూర్చుని లేచి, తిరిగి వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. మొదట స్నానం అనుకున్నాను. అది లేచినప్పుడు గుడ్లు తడిగా మెరిశాయి. అది చూసిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఇప్పుడు నా బాధ చెప్తాను. మా కుక్క, ఊరి కుక్కలు ఇంకో రెండు మా వెంటే నదిలోకి వస్తాయి. నాలుగు రోజుల క్రితం ఒక గూడు ఖాళీగా కనిపించింది, చుట్టూ కుక్క అడుగులు. అవతలి వైపు నుంచి ఇసుక ట్రాక్టర్లు ఒక్కోరోజు ఈ తిన్నె మీదుగానే పోతాయి. పిల్లలు గుడ్లు ఏరుకుంటారు. మేము కూడా ఏటా ఎన్ని తొక్కామో, ఎన్నిటి మీద ఎరువు పోశామో. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు పన్నెండు రోజులు జరిగాయి. ఇసుక మీద మనిషి పక్కన మనిషి. పిట్టలు గుడ్లు పెట్టే నెల అదేనని ఇప్పుడు తెలుస్తోంది. అంతకుముందు దిగువన నీరు నిలిపిన వేసవుల్లో మా వైపు కొన్ని తిన్నెలు బయటపడనే లేదు. ఆ ఏళ్ళలో ఇవి ఎక్కడికి పోయాయో?

ఇవి ఏ పిట్టలు? గుడ్లను తీసి కుక్కలు రాని చోట పెట్టవచ్చా? చుట్టూ కంచె వేయాలా? అటవీ శాఖకు చెప్తే మా పుచ్చ తోటను ఆపేస్తారని మామగారు భయపడుతున్నారు. ఆ దోస గుంతలు వదులుకుంటే మాకు నాలుగైదు వేలు పోతాయి. అది చిన్న మొత్తం కాదు. అయినా వదిలేస్తాను, వదిలితే నిజంగా ఉపయోగం ఉంటుందని ఎవరైనా చెప్పండి.

బొగ్గు ఊరి పిట్టలవాడు (బల్లార్ష, చంద్రపూర్ జిల్లా)
మార్చి 23

అక్కా, ముందు ఆఖరి మాటకు జవాబు: ఉపయోగం ఉంటుంది, చాలా ఉంటుంది.

మీ తెల్ల పిట్ట రివర్ టెర్న్. పేరుకు తగ్గట్టు నదుల మీద, చెరువుల మీద బతికేది. మన దేశంలో ఇంకా చాలాచోట్ల కనిపిస్తుంది కాబట్టి దీని గురించి ఎవరికీ దిగులు లేకపోయింది. కానీ గూడు పెట్టడానికి దానికి నీటి మధ్య తేలిన ఇసుకో రాతి దిబ్బో కావాలి, అది కూడా సరిగ్గా మార్చి నుంచి మే వరకు. ఆనకట్టలు, ఇసుక తవ్వకం, కుక్కలు, అన్నీ ఆ మూడు నెలల మీదే పడతాయి. 2020లో ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ దీన్ని 'వల్నరబుల్', అంటే అంతరించే ముప్పు ఉన్న జాతుల వర్గంలో చేర్చింది. పొట్ట నల్లగా, ముక్కు నారింజ రంగులో ఉన్న చిన్న టెర్న్ ఎప్పుడైనా కనిపిస్తే వెంటనే రాయండి. అది బ్లాక్ బెల్లీడ్ టెర్న్, దీనికంటే చాలా పెద్ద ప్రమాదంలో ఉంది.

ఇసుక రంగు చిన్నవి స్మాల్ ప్రాటింకోల్. గుంపులుగా గూళ్ళు పెడతాయి, సాయంత్రం నీటి మీద పురుగులను పట్టి తింటాయి. రెక్క విరిగినట్టు నటించడం వాటి పద్ధతి. పెద్ద కళ్ళ జత గ్రేట్ థిక్-నీ అయి ఉండాలి. ముక్కు లావుగా, కొంచెం పైకి తిరిగినట్టు ఉందా? తీతువుల్లో కూడా రెండు రకాలు ఉంటాయి. కంటి ముందు ఎర్రని తోలు ఉంటే మామూలు తీతువు. నెత్తి, గొంతు నల్లగా, వెనక్కి వాలిన జుట్టుతో ఉంటే రివర్ లాప్‌వింగ్. రెండోది నదులకే కట్టుబడిన పిట్ట. మీ తిన్నె మీద ఏది ఉందో చూడండి.

గుడ్లను మాత్రం కదపకండి. ఒక్క అడుగు కూడా. తల్లి పిట్ట గూటిని చోటును బట్టి గుర్తుపెట్టుకుంటుంది, గుడ్డు రూపాన్ని బట్టి కాదు. జరిపిన గుడ్డును వదిలేసే అవకాశమే ఎక్కువ. గూళ్ళ లెక్క కోసం తిన్నె మీదికి వెళ్ళవద్దు, ముఖ్యంగా పదింటి నుంచి నాలుగింటి మధ్య. మీరు చూసిన ఆ పొట్ట తడపడం ఆ ఎండను తట్టుకోవడానికే. మనం నిలబడి చూస్తున్నంత సేపూ అది గాలిలో అరుస్తూ తిరుగుతుంది, ఈలోపు గుడ్డు ఉడికిపోతుంది. గుడిసె దగ్గర నుంచి చూడటమే సరైన పద్ధతి, మీకు ఎవరూ చెప్పకుండానే అది చేశారు.

పొదిగేది మూడు వారాలకు పైగా. పిల్లలు ఎగరడానికి ఇంకో నాలుగు వారాలు. అంటే మే చివరి దాకా ఆ తిన్నెను వదిలేయగలిగితే చాలు. ఒక భయం మాత్రం ఉంది. ఆ పాయ ఎండిపోతే? ఇప్పుడు కుక్కలను కొంతైనా ఆపుతున్నది ఆ నీరే.

ఫోటో పెడితే ఊరి పేరు, తిన్నె గుర్తులు లేకుండా పెట్టండి. గుడ్ల ఫోటోల కోసం జనం రావడం మనకు వద్దు.

అంకీస రైతు
మార్చి 24

అమ్మా, మీ మనసు మంచిది. కానీ పెద్దవాడిగా ఒక మాట చెప్తాను. నేను కూడా నదిలో కర్బూజ పెట్టేవాడినే. ఈ రోజు పిట్ట అంటారు, రేపు సంరక్షణ అంటారు, ఎల్లుండి ఇసుకలో కాలు పెట్టవద్దంటారు. మనకు ఆ ఇసుక మీద పట్టా లేదు. తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) రాసుకుపోయే చీటీయే ఆధారం. ట్రాక్టర్ల వాళ్ళకు వెనక మనుషులు ఉంటారు, మనకు ఎవరు ఉన్నారు? పిట్టలను కాపాడండి, వద్దనను. పై అధికారులకు మాత్రం కాగితం రాయకండి. రాస్తే ముందు పోయేది మన పాదులే.

బొగ్గు ఊరి పిట్టలవాడు
మార్చి 24

పెద్దయ్యా, మీ భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ చట్టం సంగతి తెలిసి ఉండటం మనకే మంచిది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. అడవి పక్షుల గుడ్లను పాడు చేయడం, గుడ్లను గూళ్ళను కలవరపెట్టడం కూడా ఆ నిర్వచనంలోనే ఉంది. ట్రాక్టరు గూళ్ళ మీదుగా పోతే అడగడానికి మనకు ఆధారం అదే.

కాగితం రాయాల్సింది ముందు ఊరే. గడ్చిరోలి జిల్లాలో చాలా భాగం రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు (గిరిజన ప్రాంతాలు) కిందికి వస్తుంది, అక్కడ గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 పెసా చట్టం వర్తిస్తుంది. మీ ఊరు అందులో ఉంటే గ్రామసభ మాటకు ఇంకా బరువు. లేకపోయినా 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఊరి జీవరాశుల వివరాలు రాసే రిజిస్టరు ఉండాలి. చాలా ఊళ్ళలో ఆ రిజిస్టరు అల్మరాలోనే ఉంటుంది. అందులో 'ఫలానా తిన్నె మీద మార్చి నుంచి మే వరకు పిట్టలు గూళ్ళు పెడతాయి, పుచ్చ రైతులు దాన్ని వదిలేసి మిగతా ఇసుకలో సేద్యం చేస్తారు' అని రాయించండి. అప్పుడు పుచ్చ రైతు పేరు కాపలాదారుగా కాగితం మీదికి ఎక్కుతుంది. ఇదే జిల్లాలో మెండా లేఖా గ్రామసభ తన అడవి మీద సామూహిక హక్కును 2009లో సాధించుకుంది. అది పరాయి ఊరి కథ కాదు.

చంబల్ నదిలో ఇండియన్ స్కిమ్మర్ అనే పిట్ట ఇలాగే ఇసుక మీద గూళ్ళు పెడుతుంది. అక్కడ బీఎన్‌హెచ్‌ఎస్ (బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ) శాస్త్రవేత్త పర్వీన్ షేక్ నది ఒడ్డు ఊళ్ళవాళ్ళనే గూళ్ళ కాపలాకు పెట్టారు. 2023లో ఆమెకు ప్రకృతి సంరక్షణకు ఇచ్చే అంతర్జాతీయ విట్లీ అవార్డు వచ్చింది. మీ కావలి గుడిసె గురించి చదవగానే నాకు అదే గుర్తొచ్చింది.

గంజాం తీరం (ఒడిశా)
మార్చి 25

వదినా, మేము రుషికుల్య మొగ దగ్గర చేపలు పట్టే తెలుగువాళ్ళం. మాకు పిట్టల కంటే తాబేళ్ళు ఎక్కువ తెలుసు. 1994లో శాస్త్రవేత్తలు వచ్చి ఇక్కడ ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేలకు వేలు గుడ్లు పెడుతున్నాయని లోకానికి చెప్పారు. మా ముసలివాళ్ళకు అది ముందే తెలుసు. గుడ్లను తవ్వి పట్టుకెళ్ళిన రోజులు కూడా ఉన్నాయి. ఇప్పుడు పురుణబంధ, గొఖరకుద, పొడంపేట కుర్రాళ్ళే రాత్రిళ్ళు కాపలా కాస్తారు. కాబట్టి ఊరు మారదని ఎవరైనా అంటే నమ్మవద్దు.

కుక్కల విషయంలో మేము తిన్న దెబ్బలు మీకు పనికొస్తాయని రాస్తున్నాను. కొట్టి తరిమితే రాత్రి తిరిగి వస్తుంది. కుక్క వచ్చేది తిండి కోసం. మేము చేప పేగులు, తలలు ఇసుక మీద పారేయడం మానేసి గొయ్యి తీసి పూడ్చడం మొదలుపెట్టాక తేడా కనిపించింది. మీరు నదిలో అన్నం మెతుకులు, పుచ్చ తొక్కలు ఎక్కడ పడేస్తున్నారో చూసుకోండి. తొక్కలకు కాకులు కూడా వస్తాయి, కాకి గుడ్డును వదలదు. మీ కుక్కను పగలు ఇంటి దగ్గరే కట్టేసి, అక్కడే అన్నం పెట్టండి. మీరు మానిపిస్తేనే మిగతా రెండు కుక్కల ఇళ్ళవాళ్ళను అడగగలరు.

వల కంచె గురించి తొందరపడకండి. పాత నైలాను వలలో తాబేలు పిల్ల చిక్కుకుంటే ఏమవుతుందో మేము చూశాం, పిట్ట పిల్లకూ అంతే. కర్రలు పాతి ఒకటే తాడు, దానికి పాత చీర ముక్కలు. కుక్క ఆగకపోవచ్చు, మనిషి ఆగుతాడు. ట్రాక్టరువాడికి అది కనిపిస్తుంది.

ప్రాణహిత ఒడ్డు
మార్చి 27

అందరికీ దండాలు. పెద్ద కళ్ళ పిట్ట ముక్కు మీరు చెప్పినట్టే ఉంది. తీతువులు రెండు రకాలూ ఉన్నాయి, నల్ల జుట్టుది ఒకే జత.

మా కుక్కను కట్టేశాం. మొదటి రెండు రోజులు ఊరంతా వినేలా ఏడ్చింది. తొక్కలకు గొయ్యి తీశాం. దోస గుంతలు వదిలేద్దామని మామగారితో చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, చిన్నప్పుడు తన తండ్రి ఆ పిట్టలు ఎక్కడ దూకితే అక్కడ చేపలున్నాయని వల వేసేవాడని చెప్పారు. పొద్దున్నే లేచి వెదురు కర్రలు ఆయనే నరికి తెచ్చారు. తాడు తిన్నె అంచునే కట్టాం, లోపలికి వెళ్ళలేదు. పొద్దు పొడవక ముందే అరగంటలో ముగించాం.

అంకీస అన్నగారూ, మీ మాట మనసులో పెట్టుకున్నాను. ముందు గ్రామసభలోనే అడుగుతాను. మీ తిన్నెల మీద కూడా ఒకసారి చూడండి.

ప్రాణహిత ఒడ్డు
మే 27

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. కాయ దిగే రోజుల్లో ఫోను పట్టుకునే తీరిక దొరకలేదు.

లెక్క ముందు చెప్తాను. తెల్ల పిట్టల 11 గూళ్ళలో ఒకటి మొదట్లోనే పోయింది. ఏప్రిల్ రెండో వారంలో ఊరి కుక్క ఒకటి తాడు కింద నుంచి దూరి రెండు ఖాళీ చేసింది. ఆ రోజుల్లోనే ఎగువన కురిసిన అకాల వర్షానికి నీరు ఒక్క రాత్రిలో జానెడు పెరిగింది. అంచున ఉన్న రెండు గూళ్ళు మునిగాయి. తెల్లవారి చూస్తే ఒక పిట్ట నీటి మీదే, గూడు ఉన్న చోటనే తిరుగుతోంది. మధ్యాహ్నం దాకా తిరిగింది. మిగిలిన ఆరు గూళ్ళలో పిల్లలు లేచాయి. చిన్న పిట్టలవి ఎన్నో చెప్పలేను, సాయంత్రం గుంపు మాత్రం పెరిగింది. నల్ల జుట్టు తీతువు వెనక రెండు పిల్లలు నడిచాయి. పెద్ద కళ్ళ జత గుడ్డు ఏమైందో తెలియలేదు.

బల్లార్ష తమ్ముడు భయపడినట్టే ఏప్రిల్ చివరికి పాయ ఎండింది. గుడిసెను విప్పి ఆ ఎండిన పాయలోకి మార్చాం. నక్కల నుంచి పుచ్చకాయలకు కాపలా, కుక్కల నుంచి పిట్టలకు కాపలా, రెండూ ఒకే మంచం మీద నుంచి. పాయ ఎండటం వల్ల ఒక మంచి కూడా జరిగింది. ఎగరలేని పిల్లలు ఎండకు తాళలేక నడుచుకుంటూ మా తోటలోకి వచ్చి పుచ్చ ఆకుల కింద దూరాయి. కాయ కోయడానికి తీగ ఎత్తితే అక్కడ ఒకటి ఇసుకకు అంటుకుని పడుకుని ఉంది, కళ్ళు మాత్రం తెరిచి ఉన్నాయి. తీగను మళ్ళీ కప్పేశాను. ఆ వరుసలో పాదులు కోత అయ్యాక కూడా పీకలేదు. మామూలుగా ఎండు తీగలు పోగేసి తగలబెట్టేవాళ్ళం, ఈసారి వద్దని మామగారే అన్నారు.

ట్రాక్టర్ల సంగతి సగమే తేలింది. ఇద్దరు డ్రైవర్లు చీర ముక్కలు చూసి దారి మార్చారు. వాళ్ళలో ఒకతను దిగి పిల్లలను దూరం నుంచి చూసి వెళ్ళాడు. ఒక బండి మాత్రం రాత్రిపూట తాడు తెంపుకుని పోయింది. అదృష్టం కొద్దీ ఆ వైపు గూళ్ళు లేవు. గ్రామసభలో విషయం చదివారు. రిజిస్టరు వెతికి తెస్తామన్నారు, ఇంకా తేలేదు. వచ్చే సభకు పిల్లల తల్లులను కూడా తీసుకెళ్తున్నాను. గుడ్లు ఏరుకోవద్దని పిల్లలకు చెప్పాల్సింది వాళ్ళే.

నిన్నటికి పదమూడు పిల్లలు ఎగరడం చూశాను. తోక ఇంకా సరిగా చీలలేదు, టోపీ కూడా పూర్తిగా నల్లబడలేదు. నీటి మీద దూకి ఖాళీ ముక్కుతో లేస్తున్నాయి, తల్లులు ఇంకా చేప తెచ్చి పెడుతున్నాయి.

అంకీస రైతు
మే 28

అమ్మా, నువ్వు చూడమన్నావని ఏప్రిల్‌లో మా దిగువ తిన్నె మీద చూశాను. తెల్ల పిట్టల గూళ్ళు నాలుగు, ఇసుక పిట్టలవి ఇరవై దాకా ఉన్నాయి. నలభై ఏళ్ళుగా వాటి మధ్యే తిరిగాను. కర్రలు పాతాను. వచ్చే ఏడు మార్చి మొదటి వారంలోనే చూస్తాను, గుంతలు తీయక ముందే. మీ రిజిస్టరు దొరికితే అందులో ఏమి రాశారో ఇక్కడ పెట్టు, మా పంచాయతీలో కూడా అదే రాయిస్తాను.